రానుపోను కిరాయి

వింజమూరులో ఇల్లు మారడానికి చిన్న ట్రక్కు మాట్లాడుకుంటే డ్రైవరు దూరమెంతో అడిగి ఊరుకోడు. "తిరుగు లోడు ఏమన్నా ఉందా అన్నా?" అని కూడా అడుగుతాడు. లేదంటే కిరాయి రానూపోనూ లెక్కేస్తాడు. సామాన్లు నెల్లూరులోనో ఒంగోలులోనో దించి బండి ఖాళీగా వెనక్కి వచ్చినా ఆ ఖాళీకి కూడా మనమే కట్టాలి. దీన్ని ఎవరూ మోసం అనుకోరు. బండి అతని ఇంటికి చేరాలి కదా. ఖాళీ బండి కూడా డీజిలు తాగుతుంది కదా.

నెల్లూరు జిల్లా పడమటి మెట్టలో, అంటే ఆత్మకూరు, వింజమూరు, ఉదయగిరి వైపు, రవాణా చరిత్రంతా ఈ తిరుగుదారి లెక్క చుట్టూనే నడిచిందని నాకు ఈ మధ్య అనిపిస్తోంది. ఏదైనా ఊరు దాటిందంటే అది ఎలా వెళ్లింది, ఏం మోసుకెళ్లింది అని చరిత్ర రాసేవాళ్లు అడుగుతారు. తిరిగి వచ్చిందా, వస్తే ఆ ఖర్చు ఎవరు పెట్టుకున్నారు అని అడిగేవాళ్లు తక్కువ. నాకు ఆ ప్రశ్న తట్టింది మాత్రం ఒక ఇనప గొట్టం వల్ల.

ఉద్యోగం మారి, టెక్సస్‌లోని డాలస్ నుంచి ఆరెగన్‌లోని పోర్ట్‌లండ్ పక్కకు ఇల్లు మార్చాల్సి వచ్చింది. దాదాపు 2000 మైళ్లు. నాకున్నది ఒక చిన్న పికప్. పుస్తకాలు, మంచాలు, బల్ల, వంటసామాను దాని తొట్టిలో పట్టవు. వెనక ఒక ట్రైలరు తగిలించాలి. తగిలించడానికి హిచ్ ఉండాలి. నా బండికి అది లేదు. కొని, ఒక శనివారం స్నేహితుడి గ్యారేజీలో కింద పడుకుని బిగించుకున్నాను.

హిచ్ చూడటానికి ఏమంత గొప్పగా ఉండదు. చాసీ కింద అడ్డంగా ఒక ఇనప దూలం, దాని మధ్యలో వెనక్కి చూస్తూ చదరపు గొట్టం. చాసీకి ఫ్యాక్టరీలోనే బెజ్జాలు వేసి ఉంటాయి. స్టెప్నీ దించి, ఒక సన్నటి తీగ సాయంతో బోల్టుల్ని చాసీ లోపలి నుంచి లాగి బెజ్జాల్లోకి తెచ్చి, దూలాన్ని పైకెత్తి నట్లు వేయాలి. తర్వాత టార్క్ రెంచితో, పుస్తకంలో రాసినంత బిగువుకు బిగించాలి. గొట్టంలోకి ఒక కడ్డీ దూరుతుంది. ఆ కడ్డీ జారకుండా అడ్డంగా ఒక సీల. కడ్డీ చివర ఇనప బంతి. ట్రైలరు ముందు కొనలో ఉండే గిన్నె ఆ బంతి మీద కూర్చుని తాళం పడుతుంది. ఆపైన కరెంటు తీగలు నాలుగు: తెల్లది ఎర్తు, గోధుమరంగుది వెనక దీపాలకు, పసుపుది ఎడమ సిగ్నలుకూ బ్రేకుకూ, ఆకుపచ్చది కుడి సిగ్నలుకూ బ్రేకుకూ. ఇంతే పని. బోల్టుల దగ్గర చెయ్యి దూరక ఇద్దరికీ మధ్యాహ్నం దాకా పట్టింది.

ట్రైలరు ముందుకు పొడుచుకొచ్చే ఆ ఇనప కమ్మీని ఇంగ్లీషులో నాలుక అంటారు. మనకు నొగ అనే మాట ఉండనే ఉంది. హిచ్‌తో వచ్చిన పుస్తకంలో అన్నిటికన్నా ముఖ్యమైన హెచ్చరిక ఈ నొగ బరువు గురించే. ట్రైలరు మొత్తం బరువులో పదో వంతో, అంతకు కాస్త ఎక్కువో బంతి మీద పడాలి. అందుకని సామాన్లలో అరవై శాతం బరువు ట్రైలరు ముందు సగంలోనే సర్దాలి. వెనక బరువెక్కువైతే, వేగం అందుకున్నాక ట్రైలరు తోకలా అటూ ఇటూ ఊగుతుంది. ఆ ఊపు ఒకసారి పట్టుకుంటే ముందు బండిని కూడా తిప్పి పడేస్తుంది.

ఇది చదివినప్పుడు నాకు నవ్వొచ్చింది. రెండెడ్ల బండికి లోడు వేసే ఏ మనిషైనా ఈ పేజీని చూడకుండానే చెప్పేస్తాడు. మన బండి కూడా రెండు చక్రాల ట్రైలరే. ఇరుసు మీద తూగుతుంది, ముందు నొగ, నొగ కొనకు మోకుతో కట్టిన కాడి. బరువు వెనక్కి ఎక్కువైతే నొగ పైకి లేస్తుంది, దాంతోపాటు కాడీ లేచి, మెడ కింది పలుపులు ఎద్దుల గొంతుకు బిగుసుకుంటాయి. ముందుకు ఎక్కువైతే బరువంతా మెడల మీద పడి ఎద్దులు మొరాయిస్తాయి. ఆ రెంటికీ మధ్య ఒక తూకం ఉంటుంది. తోలేవాడు తాను ముందుకో వెనక్కో జరిగి దాన్ని సరిచేస్తాడు. పది శాతం అనే అంకె అతనికి తెలియదు, అంతే. బంతి మీద ఎంత బరువు పడుతోందో నేను తూకం యంత్రం పెట్టి చూసుకున్నాను. అతను ఎద్దు నడక చూసి పసిగట్టేవాడు.

అయితే ఎద్దులబండికీ నేను అద్దెకు తీసుకున్న ట్రైలరుకూ ఒక పెద్ద తేడా ఉంది. ఎద్దులబండి తప్పకుండా ఇంటికి తిరిగి రావాలి.

మెట్ట బతుకంతా అలా పోయి రావడమే. తూర్పున పెన్న డెల్టా. 1855లో నెల్లూరు దగ్గర, 1880లలో సంగం దగ్గర ఆనకట్టలు వచ్చాక అక్కడ వరి స్థిరపడింది. పడమట మాకు చెరువులు, వానలు, జొన్న, సజ్జ. వాన ఎత్తేసిన ఏడు బండ్లు కట్టుకుని డెల్టా పల్లెలకు పోయి వరిగడ్డి వేసుకొచ్చేవాళ్లు. కోతల కాలంలో మనుషులు పోయి కూలి గింజలు మూటగట్టుకుని వచ్చేవాళ్లు. పశువుల్ని మేతకు వెలిగొండల వైపు తోలి, తొలకరి పడ్డాక మళ్లీ తోలుకొచ్చేవాళ్లు. వీటన్నిటినీ మనం వలస అనే ఒక్క మాటలో పెట్టేస్తాం. కానీ వాటి రూపం వేరు. ఖాళీగా పోయి నిండుగా రావడం అది. తిరుగు లోడు కోసమే ప్రయాణం.

ఈ లెక్కను అందరికన్నా బాగా నడిపినవాళ్లు లంబాడీలు, ఎరుకలవాళ్లు. తీరంలోని కొటార్ల నుంచి ఉప్పును ఎద్దుల మీదా గాడిదల మీదా వేసుకుని లోపలి ఊళ్లకు పోయేవాళ్లు. అక్కడ ఉప్పిచ్చి ధాన్యం తీసుకుని మళ్లీ తీరానికి దిగేవాళ్లు. రానూ లోడే, పోనూ లోడే. ఇవాళ లారీ ఆఫీసుల్లో బ్రోకర్లు రోజంతా ఫోన్లు పట్టుకుని వెతికేది సరిగ్గా దీన్నే. బండి పోలేని కొండదారుల్లో, రోడ్డు లేని ఊళ్లకు, వీళ్లు ఆ పనిని తరాల పాటు చేశారు.

తర్వాత ఏం జరిగిందో చదివితే కడుపులో దేవినట్టుంటుంది. ఉప్పు మీద ప్రభుత్వ గుత్తాధిపత్యం బిగిసింది. రైళ్లొచ్చాయి. మద్రాసును బెజవాడతో కలిపే కోస్తా రైలుదారి 1899 నాటికి పూర్తయింది. అది కావలి మీదుగా, సముద్రం పక్కనే పోయింది, మెట్టను తాకలేదు. అడవి చట్టాలు పశువుల మేతను కట్టడి చేశాయి. తిరిగే వ్యాపారం పోయింది గానీ తిరిగే మనుషులు మిగిలారు. 1871 నాటి నేరస్థ తెగల చట్టాన్ని 1911లో మద్రాసు ప్రెసిడెన్సీకి కూడా వర్తింపజేశారు. ఎరుకలవాళ్లను పుట్టుకతోనే నేరస్థులుగా నమోదు చేసి, నెల్లూరు జిల్లాలోనే కావలిలో సెటిల్‌మెంటు పెట్టి, దాన్ని అమెరికన్ బాప్టిస్టు మిషన్ చేతికి ఇచ్చారు. అనుమతి లేకుండా ఊరు దాటకూడదు. హాజరు వేయించుకోవాలి. చరిత్రకారిణి మీనా రాధాకృష్ణ ఈ కథను 'డిసానర్డ్ బై హిస్టరీ' అనే పుస్తకంలో విడమరిచి రాశారు. పోయిన దారినే తిరిగొచ్చే మనుషుల్ని స్థిరం లేనివాళ్లు అన్నది ఆ చట్టం. నిజానికి వాళ్లంత క్రమంగా తిరిగొచ్చినవాళ్లు ఈ ప్రాంతంలో ఇంకెవరూ లేరు.

ఇక తిరిగి రానివాటి సంగతి. ఈ మెట్ట నుంచి దూరం పోయిన లోడుల్లో అన్నిటికన్నా పేరున్నది ఒక విగ్రహం. వింజమూరుకు పడమటగా ఉన్న ఉదయగిరి కొండకోట అప్పట్లో గజపతులది. కృష్ణదేవరాయలు ఏడాదికి పైగా ముట్టడించి 1514లో దాన్ని గెలిచాడు. గెలిచి, అక్కడి బాలకృష్ణుణ్ణి విజయనగరానికి తీసుకుపోయి, కొత్తగా గుడి కట్టించి 1515లో ప్రతిష్ఠించాడు. హంపీలోని ఆ కృష్ణాలయం శాసనం ఈ మాట చెబుతోంది. ఉదయగిరి నుంచి హంపీకి కాకి ఎగిరే దారిలో కొలిచినా 300 కిలోమీటర్లు. మధ్యలో వెలిగొండలు, నల్లమల. యుద్ధం గెలిచినవాడు దేవుణ్ణి తెచ్చుకోవడం ఆ కాలానికి కొత్తేమీ కాదు. ఓడినవాడి బలం తీసుకుపోయి తన నడిబొడ్డున పెట్టుకున్నానని చాటడం అది. 1565 తర్వాత విజయనగరం పాడుబడింది. ఆ బాలకృష్ణుడు ఇప్పుడు చెన్నై ఎగ్మోర్ మ్యూజియంలో ఉన్నాడు. ఉదయగిరి నుంచి హంపీకి, హంపీ నుంచి చెన్నైకి, రెండుసార్లు ఇల్లు మారాడు. చెన్నై నుంచి ఉదయగిరికి ఇవాళ బస్సులో పోవచ్చు. ఆ తిరుగుదారి మాత్రం ఆయనకు ఎవరూ మాట్లాడలేదు.

రెండోది, లాగే జీవమే. ఒంగోలు తాలూకా 1904 దాకా నెల్లూరు జిల్లాలో భాగం. ఆ జాతి పశువులు 19వ శతాబ్దం నుంచీ ఓడలెక్కి బ్రెజిల్ చేరాయి. అక్కడ వాటికి పడిన పేరు నెలోర్. మన జిల్లా పేరే. ఇవాళ బ్రెజిల్ గొడ్డుమాంసం మందల్లో సింహభాగం ఆ రక్తానిదే. కాడి కింద బరువు లాగడానికి తీర్చిదిద్దిన జాతి అక్కడ కాడి మొహమే చూడదు. మన దగ్గరేమో బండి పోయి, ఆ ఎద్దులు పందేల్లో బండ లాగుతూ కనిపిస్తున్నాయి.

బండి పోయిందంటే దాని చోటుకు వచ్చింది ట్రాక్టరు. ఈ కథలో హిచ్‌కు పెద్ద పాత్రే ఉంది. తొలి ట్రాక్టర్లతో ఒక ప్రమాదం ఉండేది. వెనక తగిలించిన నాగలి రాయికి తట్టుకుంటే ట్రాక్టరు ముందు చక్రాలు లేచి, వెనక్కి తిరగబడి తోలేవాణ్ణి చంపేది. ఐర్లండ్‌కు చెందిన హ్యారీ ఫెర్గూసన్ ఏళ్ల తరబడి తంటాలు పడి, మూడు చోట్ల తగిలించే అమరికకు 1926లో పేటెంటు తీసుకున్నాడు. నాగలికి తగిలే అడ్డే ట్రాక్టరు ముందు భాగాన్ని కిందికి అదిమేలా చేశాడు. 1939లో ఫోర్డు ట్రాక్టరుతో అది లోకమంతా పాకింది. మన దేశంలో ఐషర్ తొలి ట్రాక్టరు 1959లో వచ్చింది. 1960లో మద్రాసులో మొదలైన టాఫే, మాసీ ఫెర్గూసన్ ట్రాక్టర్లు చేసింది. ఫెర్గూసన్ పేరు నెల్లూరు పొలాల్లోకి అట్లా దిగింది.

నాకు ఇందులో నచ్చే విషయం ఒకటుంది. ట్రాక్టరు వచ్చాక కూడా లాగేదీ లాగబడేదీ విడివిడిగానే ఉన్నాయి. పొద్దున కేజీ వీల్స్ తగిలించి దమ్ము చేస్తుంది. మధ్యాహ్నం గొర్రు. సాయంత్రం ట్రక్కు తగిలిస్తే ఇటుకలు, గడ్డి, పెళ్లివాళ్లు. ఒక్క పిన్ను పీకి ఇంకో పిన్ను దించితే చాలు. కాడి విప్పి ఎద్దుల్ని నాగలికో మోటకో కట్టినట్టే ఇదీ. పాత తర్కమే ఇనుములోకి మారింది.

1988 మోటారు వాహనాల చట్టం ట్రైలరును వేరే వాహనంగానే చూస్తుంది, దానికి సొంత రిజిస్ట్రేషను ఉంటుంది. అయినా 61వ సెక్షను ఇంకో షరతు పెట్టింది. ముందు లాగుతున్న బండి నంబరు కూడా ట్రైలరు మీద, ఒకటికన్నా ఎక్కువుంటే ఆఖరి దాని మీద, కనపడాలి. మా వైపు ట్రాక్టరు ట్రక్కుల వెనక రెండు నంబర్లు రాసి ఉండటం చిన్నప్పుడు ఎందుకో తెలిసేది కాదు. నిన్ను ఎవరు లాగుతున్నారో నీ వీపు మీద రాసి ఉండాలన్నమాట.

మరి మన కార్లకూ పికప్‌లకూ ఇలాంటి గొట్టం ఎందుకు లేదు? 52వ సెక్షను ప్రకారం తయారీదారు ఇచ్చిన రూపాన్ని, రిజిస్ట్రేషనులో రాసిన వివరాలు తప్పయ్యేలా మార్చడానికి లేదు. అది ఒక కారణం. కానీ అసలు కారణం చట్టం కాదనుకుంటా. 2005లో టాటా ఏస్ వచ్చింది. ముప్పావు టన్ను మోసే బుల్లి బండి, జనం చోటా హాథీ అని పిలుచుకున్నది. అంతకు ముందు సగం లారీకి సరిపడా సామాన్లకు కూడా పెద్ద లారీనో ట్రాక్టరునో పిలవాల్సి వచ్చేది. ఏస్ వచ్చాక వీధి చివరే బండి, బండితోపాటే డ్రైవరు. మన దగ్గర బండిని అద్దెకు తీసుకోవడమంటే మనిషితో సహా తీసుకోవడమే. ఆ మనిషికి ఒక ఇల్లుంటుంది. అతను రాత్రికి అక్కడికి పోవాలి. అందుకే రానుపోను. ఇంజను, తొట్టి, డ్రైవరు, అతని ఇల్లు, అన్నీ ఒకదానికొకటి తగిలించి ఉన్నాయి. ఏ పిన్నూ ఊడదు.

అమెరికాలో ఆ పిన్ను ఊడింది. ఎక్కడ ఊడిందో చెప్పాలంటే వాళ్ల ఎద్దులబండ్ల నుంచి మొదలుపెట్టాలి. 1840ల నుంచి, 1869లో ఖండాంతర రైలు వచ్చేదాకా, లక్షల మంది మిసోరీ దగ్గర బయల్దేరి పడమటికి పోయారు. ఆరెగన్ ట్రెయిల్ కూడా సుమారు 2000 మైళ్లే. ఐదారు నెలల నడక. గుర్రాలు సినిమాల్లో, నిజానికి ఎక్కువ బండ్లు లాగినవి ఎద్దులే. మనుషులు చాలామంది బండి ఎక్కలేదు, పక్కన నడిచారు. ఎద్దులు అలిసినకొద్దీ బల్లలు, పొయ్యిలు, పెట్టెలు దారి పక్కన పారేసుకుంటూ పోయారు. తిరిగి రావడమనే ఆలోచన ఆ బండ్లలో లేదు. అది ఒకవైపు ప్రయాణం. దాని తిరుగు కిరాయి కట్టింది ఆ దారి పొడవునా అప్పటికే ఉన్నవాళ్లు. ఆరెగన్ తూర్పు కొసన కాయూస్, ఉమటిల్లా, వల్లవల్లా జాతులు 1855 ఒప్పందంతో తమ నేలలో చాలా భాగం వదులుకుని ఒక రిజర్వేషనుకు కుదించుకోవాల్సి వచ్చింది.

ఆ ట్రెయిల్ ముగిసిన చోటికి దగ్గర్లోనే, 1945లో, నౌకాదళం నుంచి బయటికొచ్చిన ఎల్.ఎస్. షోయెన్, ఆయన భార్య ఆనా మేరీ కార్టీ షోయెన్ కాపురం పెట్టారు. లాస్ ఏంజలిస్ నుంచి పోర్ట్‌లండ్ వైపు ఇల్లు మారబోతే, అక్కడ వదిలేసే పద్ధతిలో ట్రైలరు ఎవరూ అద్దెకివ్వలేదు. కారులో పట్టినవే తెచ్చుకున్నారు. ట్రైలర్లు అద్దెకిచ్చేవాళ్లు అప్పటికీ ఉన్నారు. కానీ తీసుకున్న చోటే తిరిగివ్వాలి. అంటే వాళ్లదీ మన వింజమూరు లెక్కే. షోయెన్ దంపతులు వాషింగ్టన్ రాష్ట్రంలోని రిడ్జ్‌ఫీల్డ్‌లో, అత్తగారి పొలంలో, ట్రైలర్లు తయారు చేయించి యు-హాల్ మొదలుపెట్టారు. దూరపు ఊరికి పోయే కిరాయిదారుకు తగ్గింపు ఇచ్చి, అక్కడ ఒక పెట్రోలు బంకువాణ్ణి ఏజెంటుగా ఒప్పించమనేవాళ్లు. కిరాయిదారే కంపెనీని మోసుకెళ్లాడన్నమాట. 1949 ఆఖరుకు దేశంలో చాలా భాగం ఒక ఊళ్లో తీసుకుని ఇంకో ఊళ్లో వదిలేయడం సాధ్యమైంది.

దీనికి డ్రైవరు అక్కర్లేదు. ఎవరి కారు వాళ్లది, ఎవరి స్టీరింగు వాళ్లది. ఎవరి బండికైనా తగిలేలా బంతి, గిన్నె ఒక కొలతకు రావాలి, అంతే. హిచ్ అమెరికా బండ్ల కింద మామూలు వస్తువైంది అందుకే.

మా నాయనకు ఫోనులో ఇదంతా చెప్పాను. ఆయన కాలంలో సొంత ఎద్దులతో వరిగడ్డి తోలినవాడు. అంతా విని అడిగింది ఒక్కటే: "సరే అబ్బయ్యా, దించినాక ఆ పెట్టెబండిని మళ్లీ ఎవురు తోలకపోతారు?"

"ఎవురూ తోలకపోబళ్లేదు నాయనా. ఆడనే వదిలేస్తాం."

"అదెట్టా కుదురుతాది? ఈడ బళ్లు అయిపోవా?"

ఆయన అడిగినదే యు-హాల్‌కు పెద్ద తలనొప్పి. జనం ఒక దిక్కుకే ఎక్కువగా పోతుంటే ఒకచోట ట్రైలర్లు పేరుకుపోతాయి, ఇంకోచోట నిండుకుంటాయి. అందుకే అవే రెండు ఊళ్ల మధ్య పోవడానికి ఒక ధర, రావడానికి ఇంకో ధర. అందరూ వదిలిపోతున్న ఊరి నుంచి బయల్దేరితే ఎక్కువ కట్టాలి. అటు పోయేవాడికి చవగ్గా ఇస్తారు, ఎందుకంటే అతను ఖాళీగా రావాల్సిన బండిని తన సామాన్లతో తెచ్చిపెడుతున్నాడు. నేను ఈ లెక్క విడమరిచి చెప్పాక ఆయన, "అంటే రానుపోను కిరాయే గదా, పేరు మార్చినారు" అన్నాడు. ఇన్నేళ్లుగా ఆ దేశంలో ఉండి నాకు తట్టని వాక్యం అది.

ట్రైలరు నింపేటప్పుడు పుస్తకాల పెట్టెలు ముందు, పరుపులు వెనక సర్దాను. పికప్ లాగగలిగింది 2000 పౌండ్లు, అంటే 900 కిలోలు. అందులో సగానికి కాస్త తక్కువ ట్రైలరు సొంత బరువే తినేస్తుంది. కాబట్టి బల్ల అమ్మేశాను. నొగ కింద రెండు గొలుసుల్ని ఒకదాని మీదుగా ఒకటి దాటించి తగిలించాను. గిన్నె ఊడితే నొగ రోడ్డుకు గుచ్చుకోకుండా ఆ గొలుసుల ఊయల పట్టుకుంటుంది. ట్రైలరు మీద రాసి ఉన్న వేగం గంటకు 55 మైళ్లు. అందరూ దాటిపోతుంటే నాలుగు రోజులు కుడివైపే నడిపాను.

ఐడహో దాటాక హైవే చాలావరకు ఆ పాత ఆరెగన్ ట్రెయిల్ వెంటే పోతుంది. పెండల్టన్‌కు ముందు క్యాబేజ్ హిల్ అనే దిగుడు ఉంది. నూటికి ఆరు వాలు, మధ్యలో వెనక్కి తిరిగే మలుపులు. ఆ వాలు ఉమటిల్లా రిజర్వేషను నేల మీదుగానే దిగుతుంది. పల్లంలో లాగడమనేది ఉండదు. లోడే మనల్ని తోస్తుంది. ట్రెయిల్ మీద పోయినవాళ్లు ఇలాంటి దిగుళ్లలో చక్రాలకు గొలుసులు వేసి కట్టేసేవాళ్లు, బండి వెనక దుంగలు కట్టి ఈడ్చేవాళ్లు. మన దగ్గర వెనక మోకు కట్టి నలుగురు బిగబట్టి పట్టుకుంటారు. నేను గేరు తగ్గించి, బ్రేకు తొక్కుతూ వదులుతూ దిగాను. వెనక ఉన్న బరువు అక్కడే మొదటిసారి వీపుకు తెలిసింది.

పోర్ట్‌లండ్ పక్క ఊళ్లో ట్రైలరు ఇచ్చేసి రసీదు తీసుకోవడానికి పది నిమిషాలు కూడా పట్టలేదు. సీల పీకి కడ్డీ తీసేశాను. గొట్టం మాత్రం బండి కింద అలాగే ఉంది.

వింజమూరు నుంచి నా తరంలో బయల్దేరినవాళ్లలో చాలామందిది ఇదే పద్ధతి. హైదరాబాదుకో బెంగుళూరుకో పోయినా, ఇంకా దూరం పోయినా, ఒకవైపు కిరాయితోనే పోయాం. పెద్దవాళ్లు డెల్టాకు పోయి గడ్డితో, గింజలతో తిరిగొచ్చిన దారిలో మేం బస్సెక్కి తిరిగి రాలేదు. ఎవరు పోయారన్నది జనాభా లెక్కల్లో దొరుకుతుంది. తిరుగు కిరాయి ఏ పుస్తకంలోనూ ఉండదు. అది ఊళ్లోనే ఉన్నవాళ్లు కడుతున్నారు. రానివాళ్ల కోసం ఏటా సంక్రాంతికి సున్నం కొట్టించే గదుల్లో, ఎవరూ దున్నని చేలకు కౌలుదారు కోసం తిరిగే తిరుగుళ్లలో, ఆస్పత్రికి పోవాలంటే పక్కింటి కుర్రాణ్ణి బతిమాలుకోవడంలో. నడికుడి నుంచి శ్రీకాళహస్తికి మెట్ట మీదుగా రైలుదారి పని ఇప్పుడు నడుస్తోంది. 1899లో సముద్రం పక్కనుంచి పోయిన రైలు ఇన్నాళ్లకు ఈ వైపు వస్తోంది. అది వచ్చాక మా ఊళ్ల నుంచి పోవడం ఇంకా తేలికవుతుంది. రావడం కూడా అంతే తేలికవుతుంది, టికెట్టు ధర రెండు వైపులా ఒక్కటే. ఎవరు ఏ వైపు ఎక్కుతారో చూడాలి.